జింక్‌తో షుగర్ తగ్గుతుందా?

మధుమేహ రోగులు వేసుకునే ఇన్సులిన్‌లో చాలా రకాల్లో జింక్ ఎప్పటినుంచో ఉంది. జింక్ కలిస్తే ఇన్సులిన్ స్ఫటికాలుగా మారుతుందని 1934లో టొరంటోకు చెందిన డి.ఎ.స్కాట్ చూపారు. మరో రెండేళ్లకు డెన్మార్క్‌లో హాగెడోర్న్ బృందం ప్రొటమైన్ అనే ప్రొటీన్‌ను కలిపి ఇన్సులిన్ ఎక్కువసేపు పనిచేసేలా చేసింది. స్కాట్, ఆయన సహచరుడు ఫిషర్ దానికి జింక్ జోడించి ఆ వ్యవధిని ఇంకా పెంచారు. రోజుకు పలుమార్లు సూది పొడిపించుకుంటున్న రోగుల్లో చాలామందికి ఎంతో ఊరట దొరికింది. అంటే ఇన్సులిన్‌కు తోడుగా జింక్ తన విలువను ఎప్పుడో రుజువు చేసుకుంది. ఇన్సులిన్ లేకుండా, తానే మందుగా పనిచేయగలదా అన్నదే ఇప్పటి ప్రశ్న.

ఈ ఆశకు ఆధారం మన శరీరంలోనే ఉంది. క్లోమంలోని బీటా కణాలు ఇన్సులిన్‌ను దాచుకునేది జింక్ సాయంతోనే. ఆరు ఇన్సులిన్ అణువులు రెండు జింక్ అయాన్ల చుట్టూ ముడిపడి నిల్వ ఉంటాయి. రక్తంలోకి విడుదలయ్యాక ఆ ముడి వీడిపోతుంది, విడి అణువులు పనిలోకి దిగుతాయి. బ్రిటన్ శాస్త్రవేత్త డొరోతీ హాడ్జ్‌కిన్ బృందం 1969లో ఈ నిర్మాణాన్ని ఛేదించింది. ఆ బృందంలో మన దేశపు శాస్త్రవేత్త ఎం.విజయన్ కూడా ఉన్నారు. స్వదేశానికి తిరిగివచ్చి బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ప్రొటీన్ నిర్మాణాల పరిశోధనకు పునాది వేసినవారు ఆయనే.

మధుమేహంతో మరణించినవారి క్లోమంలో జింక్ మామూలు మనుషుల్లో ఉన్నదానిలో దాదాపు సగమే ఉందని స్కాట్, ఫిషర్ 1938లోనే ప్రకటించారు. అయితే తగ్గినదాన్ని భర్తీ చేస్తే చాలదా అనిపిస్తుంది. కానీ రక్తంలో చక్కెర పెరిగినప్పుడు మూత్రం ద్వారా జింక్ ఎక్కువగా పోతుంది. కాబట్టి షుగర్ రోగిలో జింక్ తక్కువగా ఉంటే, అది జబ్బుకు కారణం కాక ఫలితమే కావచ్చు. ఈ తేడాను పట్టించుకోకుండా చేసే ప్రచారం ప్రమాదకరం.

ప్రయోగశాలలో మాత్రం జింక్ బలంగానే కనిపిస్తుంది. అది కొవ్వు కణాలపై ఇన్సులిన్ లాంటి ప్రభావం చూపుతుందని కౌల్‌స్టన్, దండోనా అనే పరిశోధకులు 1980లో నివేదించారు. ఇన్సులిన్ సంకేతాన్ని ఆర్పేసే ఒక ఎంజైమును జింక్ అడ్డుకోవడం ఇందుకు ఒక కారణం. జపాన్‌లోని క్యోటోలో హిరోము సకురాయ్ బృందం మరో అడుగు వేసింది. వట్టి జింక్ లవణాలు పేగుల్లోంచి సరిగా ఒంటికి పట్టవు. అందుకే మాల్టాల్ అనే పదార్థంతోనూ, వెల్లుల్లిలో పుట్టే అల్లిక్సిన్‌తోనూ జింక్‌ను బంధించి కొత్త సమ్మేళనాలు తయారుచేసింది. వాటిని ఇచ్చాక మధుమేహమున్న ఎలుకల్లో రక్తంలో చక్కెర తగ్గింది. ఎంతో మెచ్చదగిన రసాయన శాస్త్రం ఇది. కాని ఎలుకలో తగ్గిన చక్కెర మనిషిలోనూ తగ్గుతుందన్న హామీ ఏదీ లేదు.

మనుషుల దగ్గరికి వచ్చేసరికి ఆధారాలు పలచబడతాయి. కొన్ని చిన్న పరీక్షల్లో జింక్ మాత్రలు తీసుకున్న షుగర్ రోగుల్లో పరగడుపు చక్కెర కొంత తగ్గింది. అసలు మధుమేహం రాకుండా జింక్ ఆపగలదా అని 2015లో వైద్య ఆధారాలను మదింపు చేసే కొక్రేన్ సంస్థ సమీక్షకులు వెతికితే, లెక్కలోకి తీసుకోదగ్గ పరీక్షలు 3 మాత్రమే దొరికాయి. వాటిలో పాల్గొన్నవారందరూ కలిపి 128 మంది. వాడమని చెప్పడానికి ఆ ఆధారం చాలదని వారు తేల్చారు.

జింక్ పెరిగితే మేలేనా అన్న ప్రశ్నను జన్యుశాస్త్రం ఇంకా చిక్కుముడిగా మార్చింది. బీటా కణాల్లోని ఇన్సులిన్ సంచుల్లోకి జింక్‌ను చేరవేసే ప్రొటీన్ జెడ్‌ఎన్‌టీ8. దాని జన్యువుకు టైప్-2 మధుమేహంతో సంబంధం ఉందని 2007లో బయటపడింది. ఆ రవాణా కుంటుపడితే ముప్పు పెరుగుతుందనే ఎవరైనా అనుకుంటారు. దాదాపు లక్షన్నర మందిని పరిశీలించి 2014లో వెలువడిన అధ్యయనం దీనికి భిన్నంగా తేల్చింది. ఈ జన్యువు ప్రతుల్లో ఒకటి పనిచేయనివారిలో ముప్పు 65 శాతం తక్కువ! బీటా కణంలోకి జింక్ ఎంత ఎక్కువ చేరితే అంత మేలు అన్న సూత్రం నిలవదని దీన్నిబట్టి తెలుస్తోంది.

మనకు ఈ చర్చ దూరపుది కాదు. దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉందని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) అధ్యయనం 2023లో లెక్కగట్టింది. ధాన్యాలు, పప్పుల్లోని ఫైటేట్లు అనే పదార్థాలు జింక్‌ను పేగుల్లోనే బంధించేస్తాయి. అందుకే అన్నమే ప్రధానమైన మన భోజనంలో జింక్ లోటు సులువుగా ఏర్పడుతుంది. హైదరాబాద్‌లోని వరి పరిశోధన సంస్థ జింక్ ఎక్కువగా ఉండే డీఆర్‌ఆర్ ధాన్ 45 వంగడాన్ని తెచ్చింది ఈ లోటు కోసమే. ఆహారంతో లోటు పూడ్చుకోవడం ఎప్పుడూ మంచిదే. షుగర్‌కు మందుగా మోతాదు మించి మింగడం వేరు. పెద్దలకు రోజుకు 40 మిల్లీగ్రాములు గరిష్ఠ పరిమితి. అది దాటి నెలల తరబడి వాడితే ఒంట్లో రాగి తగ్గి, రక్తహీనత, నరాల బలహీనత రావచ్చు. కాళ్ల తిమ్మిర్లు వస్తే షుగర్ వల్లనే అనుకుని అసలు కారణాన్ని వదిలేసే అవకాశం ఉంది.

జింక్ లోటు ఉన్నవారిని, లేనివారిని విడివిడిగా చూస్తూ వేలమందిపై ఏళ్ల తరబడి సాగే పరీక్ష మన దేశంలో జరగాలి. దానికి ఐసీఎంఆర్, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చొరవ తీసుకోవాలి. అంతవరకూ జింక్ మాత్రను నమ్మి ఎవరూ మెట్‌ఫార్మిన్‌నో, ఇన్సులిన్‌నో ఆపవద్దు. ఇప్పటికే జింక్ వాడుతున్నవారు ఆ సంగతి డాక్టరుకు తప్పక చెప్పండి.