వీడియో సమావేశం: తాళం ఎవరి చేతిలో?

2025 జులైలో నయారా ఎనర్జీ ఉద్యోగులకు ఈమెయిళ్లు, టీమ్స్ ఉన్నపళంగా ఆగిపోయాయి. గుజరాత్‌లోని వాడినార్‌లో భారీ చమురుశుద్ధి కర్మాగారం నడుపుతున్న సంస్థ అది. లైసెన్సులకు పూర్తిగా డబ్బు కట్టామని ఢిల్లీ హైకోర్టులో వేసిన దావాలో చెప్పుకుంది. కానీ అందులో రష్యా చమురు సంస్థ రోస్‌నెఫ్ట్‌కు వాటా ఉంది. ఐరోపా సమాఖ్య ఆంక్షలు విధించింది, మైక్రోసాఫ్ట్ సేవలు ఆపేసింది. కోర్టు గడప తొక్కాకే అవి తిరిగొచ్చాయి. భారత్ ఏ ఆంక్షా విధించని సంస్థలో సిబ్బంది మాట్లాడుకునే దారి ఎక్కడో తీసుకున్న నిర్ణయంతో మూసుకుపోయింది.

మన విశ్వవిద్యాలయాలు, ఆసుపత్రులు, సహకార బ్యాంకులు, ప్రభుత్వ శాఖలు వీడియో కాన్ఫరెన్స్ వ్యవస్థ కొనేటప్పుడు ఈ కోణం చూస్తున్న దాఖలాలు తక్కువ. ఒకేసారి ఎంతమంది చేరవచ్చు, ఎవరి కొటేషన్ తక్కువ అనే దగ్గరే చర్చ ముగుస్తోంది. చాలాచోట్ల అసలు చర్చే లేదు. కరోనా నాడు చేతికందిన యాప్ అలవాటైపోయి, ఆ అలవాటే విధానంగా స్థిరపడింది. సంస్థ రహస్యాలూ ఉద్యోగుల మాటలూ రోగుల వివరాలూ ప్రవహించే మార్గాన్ని ఇంత తేలిగ్గా ఎంచుకోవడం తప్పు.

ఆంక్షల దాకా ఎందుకు? కంపెనీయే దుకాణం కట్టేయవచ్చు. 2020లో అమెరికా టెలికాం సంస్థ వెరైజన్ కొన్న బ్లూజీన్స్ వీడియో సేవను మూసేస్తున్నట్టు 2023లో ప్రకటన వచ్చింది. ఒక తరానికి వీడియో కాల్‌కు మారుపేరుగా నిలిచిన స్కైప్ 2025 మేలో వెళ్లిపోయింది. అందుకే ఒప్పందంలో ముందుగా చదవాల్సింది విడిపోయే షరతులు. రికార్డింగులు, హాజరు వివరాలు ఏ రూపంలో తిరిగి ఇస్తారు? ఎన్నాళ్ల ముందు నోటీసు ఇస్తారు? లక్షలు పోసి సమావేశ మందిరంలో బిగించిన కెమెరాలు, మైకులు వేరే కంపెనీ సాఫ్ట్‌వేర్‌తో పనిచేస్తాయా? ఎస్‌ఐపీ, హెచ్.323 వంటి ఉమ్మడి ప్రమాణాలకు లోబడని పరికరం ఎంత చవకైనా వద్దనాలి.

స్వదేశీ తీసుకుంటే సరిపోతుందా? 2020లో స్వదేశీ వీడియో కాన్ఫరెన్స్ వ్యవస్థ కోసం కేంద్ర ఐటీ శాఖ నిర్వహించిన పోటీలో కేరళలోని అలప్పుళకు చెందిన టెక్‌జెన్షియా సంస్థ గెలిచింది. మరింత అభివృద్ధి చేయదగినవిగా గుర్తించిన మూడింటిలో మన హైదరాబాద్‌కు చెందిన పీపుల్‌లింక్ ఒకటి. వీటికి తోడు స్వదేశీ సంస్థ జోహో కూడా ఉంది. సత్తా ఉందనడానికి ఇవి నిదర్శనాలు, గర్వించదగ్గవి కూడా. అయినా విదేశీ కంపెనీని అడిగే ప్రశ్నలన్నీ వీటినీ అడగాల్సిందే. ఇక జిట్సీ, బిగ్‌బ్లూబటన్ లాంటి ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్లను సొంత సర్వర్‌లో పెట్టుకుంటే తాళం మన దగ్గరే ఉంటుంది. సాఫ్ట్‌వేర్ ఉచితమే కానీ సర్వర్‌కు, దాన్ని కనిపెట్టుకుని ఉండే మనిషికి ఖర్చవుతుంది. కంప్యూటర్ విభాగం ఉన్న ఇంజినీరింగ్ కళాశాల ఆ బాధ్యత మోయగలదు. ముప్పై పడకల ఆసుపత్రికి నేనైతే సిఫారసు చేయను.

భద్రత విషయంలో ప్రకటనలను నమ్మకూడదని 2020 నేర్పింది. ఆ ఏప్రిల్‌లో జూమ్ సురక్షితం కాదని మన హోంశాఖ హెచ్చరించింది. కాల్స్ ఎన్‌క్రిప్షన్ గురించి ఆ కంపెనీ వినియోగదారులను తప్పుదోవ పట్టించిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అదే ఏడాది నవంబరులో ఆరోపించి, భద్రత పెంచేలా రాజీ కుదుర్చుకుంది. ఆ తర్వాత జూమ్ చాలా సరిదిద్దుకుంది. ఇక్కడ అధికారులు గ్రహించాల్సిన చిక్కు ఒకటుంది. మాట్లాడుకునేవారికి తప్ప కంపెనీకి కూడా అర్థం కాని పూర్తిస్థాయి ఎన్‌క్రిప్షన్ పెట్టుకుంటే, క్లౌడ్ రికార్డింగ్, మామూలు ఫోన్ నుంచి చేరే వీలు లాంటివి జూమ్‌లో పనిచేయవు. రెండూ కావాలంటే కుదరదు. క్రమశిక్షణ చర్యల విచారణకు ఒక పద్ధతి, వారపు సమీక్షకు ఇంకో పద్ధతి అని సంస్థే తేల్చుకోవాలి. సమావేశ సారాంశం రాసిపెట్టే ఏఐ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం ప్రకారం, ఆ ఏఐ ద్వారా డేటాను మరో కంపెనీ చేత ప్రాసెస్ చేయించినా జవాబుదారీ సంస్థదే.

అన్నిటికన్నా నన్ను బాధించేది మరొకటి. వ్యవస్థను ఎంపిక చేసేవారు ప్రధాన కార్యాలయంలో ఫైబర్ కనెక్షన్ పక్కన కూర్చుంటారు. వాడాల్సినవారు పాడేరు కొండల్లోనో ఏటూరునాగారం అడవుల్లోనో సొంత ఫోన్ పట్టుకుని సిగ్నల్ వెతుక్కుంటారు. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున వీడియో వస్తే గంటకు 450 ఎంబీ. అంతే వీడియో పంపితే మొత్తం 900. రోజుకు 1.5 జీబీ ప్యాక్ వేయించుకున్న ఏఎన్ఎంకు రెండు గంటల సమీక్ష పూర్తయ్యేలోపే డేటా అయిపోతుంది. ఆ ఖర్చు ఏ టెండర్ లెక్కలోనూ కనిపించదు, ఆమె జేబులోంచి పోతుంది. పైగా మధ్యలో లైన్ తెగిపోతే గైర్హాజరు అంటారు! మాట ఒక్కటే అయితే సెకనుకు వంద కిలోబిట్లు చాలు, గంటకు 45 ఎంబీ. కాబట్టి సిగ్నల్ తగ్గినప్పుడు వీడియోను వదిలేసి మాటను కాపాడే వ్యవస్థ కావాలి. మామూలు ఫోన్ నంబరుకు డయల్ చేసి చేరే వీలుండాలి. తెలుగు, ఇంగ్లిషు కలగలిపి మాట్లాడే మన సమీక్షల్లో క్యాప్షన్లు ఎంత సరిగ్గా వస్తాయో కంపెనీ డెమోలో కాకుండా మన వాళ్ల మాటలతోనే పరీక్షించాలి.

కొనుగోలు కమిటీల పెద్దలకు నా విన్నపం ఇదే. సంతకం పెట్టేముందు కనీసం రెండు వారాలు ఆ వ్యవస్థను మీ సంస్థలో సిగ్నల్ అతి తక్కువ ఉన్న శాఖ నుంచి నడిపించండి. అక్కడి ఉద్యోగి రాసిచ్చిన అభిప్రాయాన్ని ఫైలులో జతచేయండి. ఆ వ్యవస్థ పనికిరాదని ఆ ఉద్యోగి అంటే, అతి తక్కువ ధర చెప్పిన బిడ్ (ఎల్‌వన్) అయినా సరే, పక్కన పెట్టండి.