ఫోన్ ఎవరిదో లెక్క కూడా వారిదేనా?

జనాభా లెక్కలు ఇక కాగితం మీద రాయరు, ఫోన్‌లో ఎక్కిస్తారు అని ప్రకటించినప్పుడు మనలో చాలామందిమి దాన్ని సాంకేతిక విషయంగానే చూసి వదిలేశాం. 2021లో జరగాల్సిన ఈ లెక్కలు కోవిడ్ వల్ల ఆగి, వాయిదాల మీద వాయిదాలు పడి, చివరికి 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా పెట్టుకున్నాయి. ఎన్యూమరేటర్ చేతిలో ఫారాల కట్ట ఉండదు, యాప్ ఉంటుంది. అంతేకాదు, ఎన్యూమరేటర్ ఇంటికి రాకముందే కుటుంబం తన వివరాలు తానే పోర్టల్‌లో నింపుకోవచ్చు. నింపితే ఒక నంబరు వస్తుంది. తరువాత వచ్చిన ఎన్యూమరేటర్‌కి ఆ నంబరు చెబితే చాలు.

సౌకర్యమే, కాదనను. కానీ ‘కుటుంబం నింపుతుంది’ అన్న మాటకి అర్థమేమిటి? కుటుంబానికి వేళ్ళుండవు. ఆ ఇంట్లో ఫోన్ ఎవరి జేబులో ఉంటే వారే నింపుతారు.

ఆ ఫోన్ ఎవరి జేబులో ఉందో చెప్పే అంకెలు ప్రభుత్వం దగ్గరే ఉన్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన స్త్రీలు నూటికి 21 మంది, పురుషులు 48.8. తెలంగాణలో స్త్రీలు 26.5, పురుషులు 57.4. ఆ తరువాత ఫోన్లు పెరిగాయి, నిజమే. కానీ ఇంట్లో ఫోన్ ఉండటం వేరు, అది ఆమెది కావటం వేరు. రీచార్జి ఆయన చేయిస్తాడు, పాస్‌వర్డు కొడుకు పెడతాడు, ఓటీపీ వచ్చే నంబరు ఊళ్ళో లేని అల్లుడిది. మీసేవ కేంద్రం దగ్గర గంటసేపు నిలబడితే ఈ మూడూ కనబడతాయి.

నా పరిశోధన కోసం 2000ల మధ్యలో మహబూబ్‌నగర్ జిల్లా పల్లెల్లో ఇంటింటికీ తిరిగేదాన్ని. పగటిపూట మగవాళ్ళు దొరికేవారు కాదు, చాలామంది వలస పోయి ఉండేవారు. అందువల్ల జవాబులు చెప్పేది ఆడవాళ్ళే. ‘నువ్వేం పని చేస్తావమ్మా?’ అంటే ‘నేనేం చేస్తా, ఇంట్లోనే ఉంట’ అనేది ఒకామె, చేతిలో కందికాయ ఒలుస్తూ. కాసేపు కూర్చుని, పొద్దున లేచిన దగ్గరనుంచి ఏమేం చేశావో చెప్పు అంటే లెక్క బయటికొచ్చేది: బర్రెకి గడ్డి, చేలో కలుపు, పక్కవాళ్ళ పొలంలో బదులు పని, సాయంత్రం కూలి. ఒకే మనిషి, రెండు జవాబులు. తేడా అంతా అడిగిన తీరులో ఉంది.

ఇది మన ఉద్యమానికి కొత్త పాఠం కాదు. 1974లో భారత స్త్రీల స్థితిగతుల కమిటీ నివేదిక తయారుచేసినవారు జనాభా లెక్కలు ముందేసుకునే దేశాన్ని నిలదీశారు. 1901లో వెయ్యిమంది పురుషులకి 972 మంది ఉన్న స్త్రీలు 1971కి 930కి ఎందుకు తగ్గారని అడగగలిగారంటే, ఆ అంకెలుండబట్టే. తరువాత అదే లెక్కల్లో స్త్రీల పని కనబడటం లేదని స్త్రీల సంఘాలూ పరిశోధకులూ పోరితే, 1991 ఫారంలో పని గురించిన ప్రశ్న పక్కన కొన్ని మాటలు చేరాయి: సొంత పొలంలో, కుటుంబ వ్యాపారంలో కూలి లేకుండా చేసే పనితో సహా అని. అరవాక్యం. దానికోసం ఏళ్ళు పట్టింది.

ఆ అరవాక్యాన్ని ఎవరో ఒకరు పైకి చదవాలి. ఎన్యూమరేటర్ చదివితే ఆమె వింటుంది. భర్తో కొడుకో రాత్రి అన్నం తిన్నాక ఫోన్ పట్టుకుని నింపితే, ఆ గడి దగ్గర ఆగి పక్కగదిలో ఉన్న ఆమెని పిలిచి అడుగుతాడా? ‘ఇంటిపని’ అని నొక్కేసి ముందుకి పోతాడా? జాతీయ నమూనా సర్వేవారి 2024 కాలవినియోగ సర్వేలో జీతంలేని ఇంటిపనికి, ఆ పని చేసే స్త్రీలు రోజుకి 289 నిమిషాలూ, పురుషులు 88 నిమిషాలూ వెచ్చిస్తున్నారని తేలింది. ఆ 88 నిమిషాలవాడి చేతికే ఆమె శ్రమని నమోదు చేసే అధికారం ఇస్తున్నాం.

ఒక చిత్రమైన సంగతి కూడా ఇక్కడ చెప్పాలి. 1948 జనాభా లెక్కల చట్టం 8వ సెక్షనులో, ఏ స్త్రీ కూడా తన భర్త పేరు చెప్పి తీరాల్సిన అవసరం లేదని ఉంది. ఇంట్లో ఆడవాళ్ళ పేర్లు చెప్పాలని కూడా ఎవరినీ బలవంతం చేయరాదట. పితృస్వామ్యానికి చట్టం పెట్టిన దండం అది, దాన్ని నేను సమర్థించటం లేదు. కానీ కాగితానికి ఆ ఖాళీ వదిలే గుణం ఉంది. ఎర్రచుక్క పెట్టిన గడికి లేదు. అది నిండకపోతే పేజీ కదలదు. వదిలేసి వెళ్ళిపోయిన భర్త పేరు, అతని ఆధార్ నంబరు అడిగే దరఖాస్తుల ముందు ఒంటరి స్త్రీలు ఆగిపోయేది సరిగ్గా అక్కడే. కాగితం రోజుల్లో గుమాస్తా మార్జిన్లో ‘భర్త వదిలేశాడు’ అని రాసేవాడు. విసుక్కుంటూనో, వంద రూపాయలు పుచ్చుకునో రాసేవాడు, కానీ రాసేవాడు.

కాగితం పుణ్యకాలం అని నేననటం లేదు. రేషన్ డీలరు దగ్గరుండిపోయిన కార్డులు, కరణం ఇంట్లో మాయమైన పహాణీలు, ‘ఫైలు దొరకలేదు పో’ అన్న ఆఫీసులు మనకి తెలియనివి కావు. దరఖాస్తుకి ఒక నంబరూ తేదీ ఉండి, అది ఎక్కడ ఆగిందో తెలుసుకోగలగటం పేదవాళ్ళకి మేలే. ఆన్‌లైన్ వద్దు అని కూర్చోవటం వల్ల ఒరిగేదేమీ లేదు.

నా అభ్యంతరం గడి ఎవరు గీస్తున్నారన్నది. తెలంగాణలో భూరికార్డుల ప్రక్షాళన తరువాత ఇచ్చిన కొత్త పాసుపుస్తకాల్లో, 2020లో వచ్చిన ధరణిలో అనుభవదారు కాలమ్ లేదు. కౌలురైతు లెక్కలోంచి జారిపోయింది అలాగే. పట్టా మామగారి పేరున ఉండి, సేద్యమంతా తానే చేసే ఆడమనిషికి ఆ కాలమ్ ఒక్కటే ఆధారం అయ్యేది. ఎవరూ ఆమెని పొలంలోంచి గెంటలేదు, గడి తీసేశారు అంతే. అదే రాష్ట్రంలో కంప్యూటరు ఏరివేతలో సుమారు 19 లక్షల రేషన్ కార్డులు రద్దయ్యాయి. ఇళ్ళకి వెళ్ళి మళ్ళీ విచారించమని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చింది. 2013 ఆహారభద్రత చట్టం ఇంట్లో 18 ఏళ్ళు నిండిన పెద్ద స్త్రీనే కార్డుకి కుటుంబ యజమానురాలిగా గుర్తించింది. తీసేసినప్పుడు ఆమె పేరే ముందు పోతుంది. ఎందుకు పోయిందని అడగటానికి కౌంటరు వెనక మనిషి ఉండడు, ‘సిస్టంలో అలా వచ్చిందమ్మా’ అంటాడు.

ఈ సిస్టంలోకి ఎక్కించే చేతులు కూడా చాలావరకు స్త్రీలవే. అంగన్‌వాడీ టీచర్లు 2021 నుంచి పోషణ్ ట్రాకర్‌లో బిడ్డల బరువులు ఎక్కిస్తున్నారు. సిగ్నలు లేక మిద్దె ఎక్కి, చెట్టు కింద నిలబడి, అప్‌లోడ్ కాకపోతే రాత్రి ఇంట్లో కూర్చుని. వారి గౌరవవేతనంలో ఆ రాత్రిపని లేదు. పని గురించి లెక్కలు తీసేవారి పనే లెక్కలోకి రాకపోవటం గురించి విడిగా రాయాలి.

ఇంతకీ మనం అడగాల్సినవి పెద్ద కోర్కెలేం కావు. కుటుంబం స్వయంగా నింపిన చోట కూడా ఎన్యూమరేటర్ ఇంటికి వెళ్ళినప్పుడు, కనీసం పని, చదువు, వివాహస్థితి గురించిన జవాబుల్ని ఆ ఇంటి స్త్రీలకి చదివి వినిపించాలి, తప్పయితే అక్కడికక్కడే మార్చాలి. పథకాల దరఖాస్తుల్లో ‘భర్త లేడు’, ‘తెలియదు’, ‘చెప్పను’ అన్న మూడు జవాబులూ చెల్లాలి. పేరు తీసేసేముందు కాగితం మీద తెలుగులో నోటీసు, కారణంతో సహా, ఆమె చేతికి అందాలి, ఇంటాయన ఫోన్‌కి మెసేజి కాదు. కాగితం ఫారం అడిగినవారికి దొరకాలి, ఇచ్చినవారికి రసీదు ఇవ్వాలి. జనాభా లెక్కల కోసం ఇంటికి వచ్చినవారిని మీ ఊళ్ళో సంఘం స్త్రీలంతా ఒక మాట అడగండి: నా పేరు ఎదురుగా ఏం పని రాశారు, చదివి చెప్పండి అని.