ఘాటురోడ్లు – ట్రైలరు బండ్లు

కొండపైకి బండి నెక్కించుట కంటె దించుట కష్టమని మన బండివాండ్రు తాతలనాడే యెఱుగుదురు. పల్లమున బండి తన బరువుచేతనే యెద్దులమీదికి వచ్చును. నేడా బరువు బస్తాలలో గాక టన్నులలో నున్నది. 2018వ సంవత్సరమున కేంద్ర ప్రభుత్వము పెద్ద ట్రైలరు బండ్ల మొత్తపు బరువు పరిమితిని 49 టన్నులనుండి 55 టన్నులకు పెంచినది. కొండదారుల వంపులు మాత్ర మా యుత్తరువుతోపాటు వెడల్పు కాలేదు.

55 టన్నుల బండి 300 మీటర్ల యెత్తునుండి దిగునప్పుడు పుట్టు వేడిమి సుమారు 550 లీటర్ల నీటిని మరుగునకు దెచ్చుటకు చాలును. చిన్న గేరులో ఇంజను కొంత భారము వహింపనిచో నా వేడిమి దాదాపు అంతయు బ్రేకులకే చేరును. మితిమీరి కాగిన బ్రేకు పట్టు విడుచును. కనుకనే యనుభవశాలియగు డ్రైవరు దిగుడు మొదలు కాకమునుపే చిన్న గేరు వేయును. ఇక హెయిర్‌పిన్ వంపులో ముందు చక్రములు పోయిన జాడను వెనుక చక్రములు పోవు. లోపలివైపునకు కోసికొని పోవును. అందుచేత డ్రైవరు బండి తలను లోయ యంచువఱకు గొనిపోయి త్రిప్పవలెను. రోడ్డంతయు నాక్రమింపక తప్పదు. ఆ క్షణమున నెదురుగా బస్సు వచ్చినచో నేర మెవ్వరిది?

న్యాయస్థానములలో దీనికి సమాధానము తఱచుగా ముందే సిద్ధమై యుండును: డ్రైవరు దుడుకుతనము, నిర్లక్ష్యము. పాత శిక్షాస్మృతి 304-ఏ సెక్షను క్రింద నిట్టి మరణములకు 2 ఏండ్లవఱకు ఖైదు. 2024 జూలై 1వ తేదీనుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 106వ సెక్షను దానిని 5 ఏండ్లకు పెంచినది. మంచిదే. మఱి రోడ్డు వేసినవాని సంగతి యేమి? 2019లో మోటారు వాహనముల చట్టమునకు చేర్చిన 198-ఏ సెక్షను ప్రకారము, ప్రమాణములను పాటింపక రోడ్డు వేసి ప్రాణహాని గలిగించిన కంట్రాక్టరుకు లక్ష రూపాయలవఱకు జరిమానా. ఖైదు మాటయే యందు లేదు. జీతగానికి చెఱసాల, గుత్తదారునకు జరిమానా! ఇదియేనా సమన్యాయము?

డీసెలు ఆదా కొఱకు న్యూట్రలులో బండి దించువానిని మేము సమర్థింపము. ఎక్కుబండికి దిగుబండి దారి నీయవలెనను నిబంధనను మీఱువానిని దండింపవలసినదే. కాని నిద్రలేని డ్రైవరును, అరిగిన బ్రేకులతోడి బండిని ఘాటుపైకి పంపిన యజమానిని, వంపును వెడల్పు చేయని యధికారిని విడిచి, స్టీరింగు పట్టినవానినొక్కనినే దోషిగా నిలుపుట న్యాయము గాదు.

తిరుమలకు 1944లో మొదటి ఘాటురోడ్డును, 1974లో రెండవదియు నేర్పడినవి. నేడచట నెక్కుదారి వేఱు, దిగుదారి వేఱు. మన్యమున రెండవ రోడ్డు వేయుడని మేము కోరుట లేదు. పెద్ద ట్రైలరులకు నియమితమైన వేళలుండవలెను. ముందొక పైలటు జీపు నడువవలెను. ఘాటు తలను బ్రేకులు చల్లార్చుకొని పరీక్షించుకొను తావుండవలెను. బ్రేకు తప్పిన బండి యెక్కి నిలుచుటకు కంకర పోసిన యెదురువాలు దారులుండవలెను. ఇవి యసాధ్యములా?

ఈ ప్రశ్న వాయిదా వేయదగినది కాదు. ఎగువ సీలేరునొద్ద 1350 మెగావాట్ల పంప్డ్ స్టోరేజి విద్యుత్కేంద్రము తలపెట్టబడినది. దానికి వలసిన భారీ యంత్రములు కొండదారులనే పోవలెను. యంత్రములు బయలుదేరిన పిమ్మట వంపులు కొలుచుట కంటె, ముందే కొలిచి సిద్ధపఱచుట ప్రభుత్వ ధర్మము.

నర్సీపట్నమునుండి చింతపల్లివైపు రోడ్డు వేయుటలో మన్యపు ప్రజలచే చాలీచాలని కూలికి చేయించిన చాకిరి 1922 నాటి మన్య విప్లవమునకు కారణములలో నొకటి. రోడ్డు వేసినవాని చెమటను నాటి పరప్రభుత్వము లెక్కింపలేదు. ఆ కొండలలో బండి నడుపువాని ప్రాణమును, వాని కెదురుగా వచ్చు బస్సులోని గిరిజనుని ప్రాణమును మన ప్రభుత్వమైనను లెక్కింపవలెనని మా మనవి.