కూరగాయల బండి పేటలకు పోవలెను



1999 వ సంవత్సరము జనవరి 26 వ తేదీన ఆంధ్రప్రదేశమున రైతు బజారులు మొదలైనవి. దళారితో పనిలేక రైతు తన పంటను తానే అమ్ముకొనుటకు అందువలన వీలు కలిగినది. అయినను ఆ బజారునకు రాగలవా రెవరు? పట్టణపు అంచున కూలిపేటలో నుండు స్త్రీ తెల్లవారకమునుపే పనికి పోయి, ప్రొద్దు గ్రుంకిన పిదప ఇల్లు చేరును. బజారునకు పోయివచ్చుటకగు ఆటో కిరాయి కూరల వెలతో సమానమగును. కావున పేటలోని చిన్న అంగడిలో వాడిన వంకాయలనే కొనును. లేదా పచ్చడితో పూట గడుపును.

దినమునకు కూరగాయలును పండ్లును కలిసి సుమారు 500 గ్రాములు తినవలెనని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థవారు 2024 లో సలహా నిచ్చిరి. ఆ పేటలలో ఇది యెట్లు సాధ్యము?

2020 లో కరోనా ప్రబలినప్పుడు హైదరాబాదు వీధులకు సంచార రైతు బజారులు పోయినవి. ఆపత్కాలమున సాధ్యమైనది మామూలు దినములలో ఏల సాధ్యము కాదు?

డీజిలు ఖర్చు, మిగిలిన సరకు అను రెండు ఆక్షేపణలు కలవు. ఇవి నిజమే. మేమును ఒకప్పుడు ఖర్చునకు జంకి, బజారులో అమ్ముడుపోని సరకునే సాయంకాలము ఒక పేటకు పంపితిమి. మూడవనాడు ఒక ముసలమ్మ తోటకూర కట్టను చేతబట్టి, "మిగిలిపోయినదేనా మాకు, నాయనా?" అని యడిగెను. మేము సిగ్గుపడితిమి. మరునాటినుండి బండిని కొనువారు లేరైరి.

ఆ తప్పు మాకు నేర్పిన దిది. పేటకు పోవు సరకును ఆనాడే కోయవలెను. ఆకుకూరలను మధ్యాహ్నము తరువాత కోసి, తడి గోనెపట్ట కప్పవలెను. వారమునకు రెండు దినములు, కూలిజనము ఇల్లు చేరు వేళకు, తప్పక పోవలెను. చెప్పిన వేళ తప్పిన బండిని ఎవరును నమ్మరు. పావుకిలోనైనను విసుగుకొనక, సరియైన తూకముతో ఇయ్యవలెను. ధరలను పలకపై వ్రాయవలెను. ఉల్లి, కంద, గుమ్మడి వంటి నిలువయుండు సరకును కూడ వేసికొన్నచో, నాడు మిగిలినది మరుసటి వారమునకు పనికివచ్చును. బండి కిరాయి భారమును కొంత తగ్గును.

లాభము మొదట స్వల్పమే. కాని మన పంటకు క్రొత్త కొనుగోలుదారులు ఏర్పడుదురు. కూలివాని బిడ్డ కంచములో ఆకుకూర పడును. రాబోవు సర్వసభ్య సమావేశమున ఒక బండిని, ఒక పేటను, మూడు నెలల గడువును నిర్ణయించి ప్రారంభింపుడని మా మనవి.