పాత టైరుకూ రశీదు ఉండాలి

భోగి దగ్గర పడిందంటే అధికారులు ఏటా ఒకే మాట చెబుతారు: మంటల్లో టైర్లు వేయకండి. అయినా తెల్లవారుజామున పిడకలు, పాత కలపతో పాటు టైర్లూ కాలుతూనే ఉంటాయి. రాస్తారోకో జరిగితే నడిరోడ్డు మీద ముందుగా అంటుకునేదీ టైరే. జనంలో అవగాహన లేదని సరిపెట్టుకుంటే సమస్య తీరదు. తగలబెట్టడానికి ఇన్ని టైర్లు ఇంత సులువుగా ఎలా దొరుకుతున్నాయన్నదే అసలు ప్రశ్న. అరిగిపోయిన టైరుకు జవాబుదారీ ఎవరూ లేరు కాబట్టే దొరుకుతున్నాయి.

కారుకు కొత్త టైర్లు వేయిస్తే బిల్లు ఇస్తారు, వారంటీ కాగితం ఇస్తారు. విప్పిన పాతవి షాపు వెనక్కి చేరతాయి. కాస్త గట్టిగా ఉన్నవి సెకండ్ హ్యాండ్‌లో మళ్లీ రోడ్డెక్కుతాయి. మిగిలినవి తుక్కు వ్యాపారి వ్యాన్‌లోకి వెళతాయి. ఆ వ్యాన్ ఎటు పోయిందో టైరు వాడినవారికీ తెలియదు, విప్పినవారికీ తెలియదు.

తెలియకపోతే ఏమవుతుందో ఏ పంక్చర్ షాపు పక్కన చూసినా అర్థమవుతుంది. వాన వెలిశాక అక్కడి పాత టైరును పడుకోబెట్టినా, నిలబెట్టినా లోపలి అంచులో చెంబెడు నీళ్లు నిలిచే ఉంటాయి. డెంగీని మోసే ఈడిస్ దోమకు అంతకన్నా అనువైన చోటు లేదు. నీళ్లు ఎండిపోయినా దాని గుడ్లు నెలల తరబడి చావవు, మళ్లీ వాన పడగానే పొదుగుతాయి. ఇక నిప్పంటుకుంటే ఆర్పడం ఎంత కష్టమో కెనడాలోని హేగర్స్‌విల్ చూపింది. 1990లో అక్కడ రాజుకున్న టైర్ల గుట్ట 17 రోజులు మండింది. పూడ్చిపెట్టడమూ దారి కాదు. గంధకం కలిపి గట్టిపరచిన రబ్బరు మట్టిలో కుళ్లదు.

చట్టం లేదా అంటే, ఉంది. 2022 జులైలో కేంద్రం ప్రమాదకర వ్యర్థాల నిబంధనలను సవరించి, టైర్ల తయారీదారులు, దిగుమతిదారులపై ఈపీఆర్, అంటే వాడేసిన సరుకుకూ ఉత్పత్తిదారే పూచీపడే బాధ్యత పెట్టింది. రెండేళ్ల కిందట తయారుచేసిన టైర్లను లెక్కగా తీసుకుని, 2022-23లో అందులో 35 శాతానికి, మరుసటి ఏడాది 70 శాతానికి, 2024-25 నుంచి నూటికి నూరు శాతానికి సరిపడా రీసైక్లింగ్ ధ్రువపత్రాలను వారు రిజిస్టరైన రీసైక్లర్ల నుంచి కొనాలి. ఇది మంచి అడుగే. కానీ ఈ లెక్క రీసైక్లర్ గేటు దగ్గర మొదలవుతుంది. మన టైరు షాపు నుంచి ఆ గేటు దాకా ఉన్న దారిని అది చూపదు. ధ్రువపత్రాల లెక్క సరిపోయినంత మాత్రాన పంక్చర్ షాపు పక్కన పడి ఉన్న టైరు కదలదు.

ఆ దారిలో తప్పిపోయిన టైర్లు తరచూ చేరేది పైరాలసిస్ బట్టీలకు. గాలి తగలకుండా టైర్లను వేడిచేసి నూనె, కార్బన్ పొడి, ఉక్కు తీగ తీసే పద్ధతి ఇది. సరైన యంత్రాలతో చేస్తే తప్పులేదు. పాత తరహా బట్టీలో మాత్రం పూర్తిగా చల్లారకముందే మూత తీసి కూలీలు ఆ పొడిని పారలతో ఎత్తుతారు. అది వాళ్ల ఊపిరితిత్తుల్లోకీ చుట్టుపక్కల చేలలోకీ పోతుంది. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2019లో 19 రాష్ట్రాల్లో లెక్కించిన 637 యూనిట్లలో 270 నిబంధనలు పాటించడం లేదని తేలింది. పైరాలసిస్ కోసం విదేశీ పాత టైర్ల దిగుమతిని 2022 నిబంధనలు నిషేధించాయి. దేశంలో పుట్టే టైర్ల విషయంలోనూ అంతే పట్టుదల కావాలి.

మేలైన దారులు మనకు కొత్తవి కావు. ఆర్టీసీ బస్సుల టైర్లకు రీట్రెడింగ్ (అరిగిన పైపొర స్థానంలో కొత్త పొర వేయడం) చేయించి మళ్లీ వాడుతోంది. టైరును పొడిచేసి తారులో కలిపితే రోడ్డు ఎండకూ బరువుకూ ఎక్కువ ఓర్చుకుంటుంది. పల్నాడు, సూర్యాపేట, కడప, నంద్యాల జిల్లాల్లో సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. సుమారు 1,450 డిగ్రీల వేడి ఉండే సిమెంటు కిల్న్‌లో టైరు బొగ్గుకు బదులు ఇంధనమవుతుంది, అందులోని ఉక్కు సైతం సిమెంటుకు ముడిసరుకైన క్లింకర్‌లో కలిసిపోతుంది. ముందు మళ్లీ వాడకం, తర్వాత పొడి, ఆ తర్వాత కిల్న్, చివరికి కట్టుదిట్టమైన పైరాలసిస్: ఇదీ పాటించాల్సిన వరుస.

ఈ వరుస నిలవాలంటే కట్టు వేయాల్సింది టైరు చేతులు మారే చోట. ఎన్ని పాత టైర్లు తీసుకున్నారో, ఎవరికి అప్పగించారో షాపు రశీదులో రాయాలి. మున్సిపాలిటీలు ట్రేడ్ లైసెన్సుకు ఈ షరతు పెట్టాలి. ఆటోనగర్ల వంటి చోట్ల టైర్లు తడవకుండా కప్పు ఉన్న సేకరణ కేంద్రాలు తెరవాలి. చిన్న షాపులకు ఇది భారమని కొందరు అనవచ్చు. రాసేది ఒక వరుసే, పైగా సేకరణ ఖర్చు మోయాల్సింది కంపెనీలే. తుక్కు వ్యాపారులను వెళ్లగొట్టనక్కర్లేదు. వాళ్లను రిజిస్టర్ చేసి, తూకం చీటీ ఇస్తే ఈ సేకరణకు వాళ్లే వెన్నెముక అవుతారు.

వాహనదారులకూ ఇందులో పని ఉంది. గాలి సరిగా ఉంచి, వీల్ అలైన్‌మెంట్ చూపించుకుంటే టైరు ఎక్కువ కాలం మన్నుతుంది. మార్చాల్సి వచ్చినప్పుడు పాతవి ఎక్కడికి పంపుతారని షాపులో అడగండి, ఆ మాట బిల్లు మీద రాయించుకోండి.