బాలాఘాట్: ఒక నామవిచారము

బాబ్లీ యను గ్రామము తెలుగువారికి వ్యాజ్యము మూలమున పరిచితమైనది. నాందేడు జిల్లాలో గోదావరిపై మహారాష్ట్రము కట్టిన యానకట్టను గూర్చి 2013 ఫిబ్రవరి 28వ తేదీన సుప్రీంకోర్టు తీర్పు చెప్పి, ఏటేట జూలై 1 మొదలు అక్టోబరు 28 వఱకు గేట్లు ఎత్తి యుంచవలెనని విధించినది. ఆ తేదీలు మనకు కంఠస్థములు. కాని ఆ జిల్లాలో నదికి దక్షిణమున సాగు కొండల పేరు మనలో నెందఱెఱుగుదురు? అవి బాలాఘాట్ కొండలు.

ఎఱుగకుండుట మనకు తగదు. బీడు జిల్లాలో నీ కొండలయందే మంజీర పుట్టి, బాబ్లీకి దిగువను కందకుర్తి యొద్ద గోదావరిలో కలియుచున్నది. హైదరాబాదు నగరము దశాబ్దములుగా త్రాగుచున్న నీటిలో నీ కొండల పాలు కలదు.

పేరు విన్నంతనే సంస్కృతములోని 'బాల' శబ్దము స్ఫురించుట సహజమే గాని యది పొరపాటు. ఫారసీలో 'బాలా' యనగా పైని; ఘాట్ అనగా కనుమ. కనుమకు పైనున్న సీమ బాలాఘాట్, క్రిందిది పాయన్‌ఘాట్. బేరారులోను, కర్ణాటకములోను నీ జంటపేర్లు వాడుకలో నుండెను. 1800లో నిజాము కుంపిణీకి వదలిన బళ్లారి, కడప సీమలకును బాలాఘాట్ అను వ్యవహారము కలదు. నేడు మధ్యప్రదేశములో నొక జిల్లా పేరును ఇదియే. ఇన్ని చోట్ల చెల్లిన మాట యొక కొండ గుణమును గాని, కథను గాని చెప్పజాలదు. సీమను మీదు క్రిందులుగా విడదీసిన పాలకుల సౌకర్యమును మాత్రమే చెప్పును.

మనమును నిర్దోషులము కాము. కనుమ యనగా కొండల నడుమ దారి. ఆంగ్లేయులు కొండలనే 'ఘాట్స్' అనగా, మనము దానిని తెలిగించి తూర్పు కనుమలు, పడమటి కనుమలు అని బడిపిల్లలకు నేర్పుచున్నాము. ఇది వాకిలిని జూపి యిల్లనుట వంటిది. సహ్యాద్రి, నల్లమల, ఎఱ్ఱమల, పాపికొండలు అను పేర్లు సజీవముగానే యున్నవి కదా!

అట్లని పేర్లు మార్చుమని మేము కోరము. 1928లో నంద్యాల సభలో దత్తమండలములు రాయలసీమ యైనవి. ఆ సీమవారే కోరుకొనిరి గనుక నది నిలిచినది. బాలాఘాట్ విషయమున నట్టి యధికారము అచటి ప్రజలదే. మన పాఠ్యపుస్తకములు పేరునకు అర్థమును చెప్పి, 'కనుమలు' అనుచోట స్థానికులు పిలుచు కొండపేర్లను గూడ అచ్చువేయవలెను. ఈపాటి సవరణకు వ్యాజ్యముతో పనిలేదు.