బెక్‌హామ్ తెలుసు.. మరి ఆయన ఉస్తాద్ ఎవరు?

మాంచెస్టర్ యునైటెడ్ అభిమానిని ఎవరినైనా ఆపి అడగండి. బెక్‌హామ్, గిగ్స్, స్కోల్స్, నికీ బట్, నెవిల్ సోదరులు.. పేర్లన్నీ గడగడా చెప్పేస్తాడు. సరే, వీళ్లందరికీ కుర్రతనంలో ఆట నేర్పింది ఎవరు అని అడగండి. చాలామంది ఫెర్గూసన్ అంటారు. కొందరు తడుముకుంటారు.

ఆ మనిషి పేరు ఎరిక్ హారిసన్. 2019 ఫిబ్రవరిలో 81 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన కథను ఇప్పుడు తిరగేయడానికి కారణం ఉంది. పెద్ద క్లబ్బుల అకాడమీల మీద కోట్ల పౌండ్లు కురుస్తున్న కాలం ఇది. కానీ హారిసన్ లాంటి ఉస్తాద్‌లను తయారుచేసిన చిన్న క్లబ్బుల పరిస్థితి ఏంటి? ఆటకు ఒళ్లు అరగదీసుకున్న ఆ తరానికి ఆట ఏం తిరిగిచ్చింది? ఈ రెండు ప్రశ్నలకూ ఆయన జీవితంలోనే జవాబు దొరుకుతుంది.

హారిసన్ ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌లో పుట్టారు. ఆటగాడిగా ఆయనది స్టార్ కెరీర్ కాదు. హాలిఫాక్స్ టౌన్, హార్టిల్‌పూల్స్, బారో, సౌత్‌పోర్ట్.. ఇవీ ఆయన ఆడిన క్లబ్బులు. అన్నీ కింది డివిజన్లే. టాప్ డివిజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేదు. బురద మైదానాల్లో, కొద్దిపాటి జనం ముందు లీగ్‌లో దాదాపు 500 మ్యాచ్‌లు ఆడారు. తర్వాత ఎవర్టన్‌లో కోచ్‌గా పనిచేశారు. 1981లో రాన్ అట్కిన్సన్ ఆయన్ను మాంచెస్టర్ యునైటెడ్‌కు తీసుకొచ్చి యూత్ టీమ్ బాధ్యత అప్పగించారు.

అంటే ఫెర్గూసన్ రావడానికి ఐదేళ్ల ముందే హారిసన్ అక్కడ ఉన్నారు. మార్క్ హ్యూస్, నార్మన్ వైట్‌సైడ్ ఆయన చేతి కింది నుంచే పైకొచ్చారు. 1986లో వచ్చిన ఫెర్గూసన్ చేసిన మంచి పని ఏమిటంటే, హారిసన్‌ను కదిలించలేదు. పిల్లలను వెతికే స్కౌట్ల సంఖ్య పెంచి, దొరికిన పిల్లలను ఆయన చేతిలో పెట్టారు.

క్లిఫ్ అనే పాత ట్రైనింగ్ మైదానంలో పైఅంతస్తు కిటికీ దగ్గర నిలబడి హారిసన్ ఆట చూసేవారు. ఎవరైనా తప్పు పాస్ ఇస్తే కిటికీ అద్దం మీద దబదబా బాదేవారు. ఆ చప్పుడు వింటే ఒళ్లు జలదరించేదని ఆ కుర్రాళ్లే పెద్దయ్యాక చెప్పుకున్నారు. గోడకు బంతి కొట్టడం, వేలాడదీసిన బంతిని తలతో కొట్టడం, అదే పాస్ మళ్లీ మళ్లీ ఇవ్వడం.. ఆయన చదువంతా ఇదే.

ఫలితం అందరికీ తెలుసు. 1992లో యునైటెడ్ కుర్రాళ్లు ఫైనల్లో క్రిస్టల్ ప్యాలెస్‌ను రెండు మ్యాచ్‌ల్లో కలిపి 6-3తో ఓడించి ఎఫ్ఏ యూత్ కప్ గెలిచారు. 1964 తర్వాత ఆ క్లబ్బుకు అదే మొదటి యూత్ కప్. 1995లో మళ్లీ గెలిచారు. అదే ఏడాది ఆగస్టులో ఫస్ట్ టీమ్ ఆస్టన్ విల్లా చేతిలో ఓడినప్పుడు, పిల్లలతో ఏమీ గెలవలేరని టీవీలో అలన్ హాన్సెన్ తేల్చేశారు. ఆ సీజన్ ముగిసేసరికి లీగ్, ఎఫ్ఏ కప్ రెండూ ఆ పిల్లల చేతిలోనే ఉన్నాయి. 1999లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడిన జట్టులో బెక్‌హామ్, గిగ్స్, బట్, గ్యారీ నెవిల్ ఉన్నారు. గిగ్స్ ఆ క్లబ్బుకు 963 మ్యాచ్‌లు ఆడాడు.

ఇక్కడి దాకా అందరికీ నచ్చే కథ. అసలు లెక్క ఇక్కడి నుంచి మొదలవుతుంది.

హారిసన్ ఆడిన నాలుగు క్లబ్బులను చూడండి. 1972లో బారోను ఓటు వేసి లీగ్ నుంచి పంపించేశారు. తిరిగి రావడానికి 48 ఏళ్లు పట్టింది. 1978లో సౌత్‌పోర్ట్‌దీ అదే గతి. హాలిఫాక్స్ టౌన్ అప్పులతో 2008లో మూతపడి, కొత్త పేరుతో కింది మెట్టు నుంచి మళ్లీ మొదలుపెట్టింది. హార్టిల్‌పూల్ 2017లో లీగ్ నుంచి పడిపోయింది, 2021లో లేచింది, 2023లో మళ్లీ పడింది. నాలుగుకు నాలుగూ ఏదో ఒక రోజు లీగ్ గడప దాటి బయట నిలబడ్డవే. ఆ క్లబ్బులు లేకపోతే హారిసన్ ఆటగాడే కాదు. ఆటగాడు కాకపోతే కోచ్ ఎక్కడి నుంచి వస్తాడు?

2012లో ఇంగ్లండ్ అకాడమీల విధానం మారింది. అంతకుముందు పెద్ద క్లబ్బు చిన్న క్లబ్బు నుంచి కుర్రాణ్ని తీసుకుంటే, బేరం కుదరనప్పుడు ట్రిబ్యునల్ ధర తేల్చేది. కొత్త విధానంలో రేటు ముందే ఖాయం. 9 నుంచి 11 ఏళ్ల పిల్లాడికి శిక్షణ ఇచ్చిన ఒక్కో ఏడాదికి 3,000 పౌండ్లని లెక్క కట్టారు. ఆపై వయసు వాళ్లకు అకాడమీ స్థాయిని బట్టి కొంత ఎక్కువ. తర్వాత ఆ కుర్రాడు ఫస్ట్ టీమ్‌లో ఆడితే అదనంగా కొంత వస్తుంది. ఆడకపోతే అంతే సంగతులు. చేతికొచ్చిన కుర్రాళ్లను పెద్ద క్లబ్బులు కొద్ది మొత్తానికే పట్టుకుపోతుంటే ఇక అకాడమీ ఎందుకని 2016లో బ్రెంట్‌ఫోర్డ్ తన అకాడమీనే మూసేసింది. కొన్నేళ్ల తర్వాత గానీ మళ్లీ తెరవలేదు.

ఈ విధానంతో మేలు జరగలేదా అంటే, జరిగింది. 2017లో అండర్-20, అండర్-17 ప్రపంచకప్‌లు రెండూ ఇంగ్లండే గెలిచింది. కోచింగ్ గంటలు పెరిగాయి, మైదానాలు బాగుపడ్డాయి. కాదనలేం. కానీ పంట బాగా పండిందని మురిసిపోతూ నారు పోసిన వాడి కూలి ఎగ్గొడితే ఆ సేద్యం ఎన్నాళ్లు నిలుస్తుంది?

రెండో లెక్క ఇంకా బాధాకరం. హారిసన్‌కు 2014లో డిమెన్షియా ఉన్నట్టు తేలింది. ఆయనతో పాటు యునైటెడ్ కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చిన నాబీ స్టైల్స్‌దీ అదే జబ్బు. స్టైల్స్ 1966 ప్రపంచకప్ గెలిచిన జట్టులో ఆడినవాడు. కుటుంబం కోసం 2010లో పతకాలు అమ్ముకున్నాడు. 2020లో చనిపోయాడు.

హారిసన్ జబ్బుకు బంతిని తలతో కొట్టడమే కారణమని ఎవరూ ఖాయంగా చెప్పలేరు. అయితే 2019 అక్టోబర్‌లో గ్లాస్గో పరిశోధకులు 7,676 మంది మాజీ స్కాట్లాండ్ ప్రొఫెషనల్ ఆటగాళ్ల రికార్డులు పరిశీలించారు. మెదడు క్షీణించే జబ్బులతో చనిపోయే ముప్పు మామూలు జనం కంటే వీళ్లకు మూడున్నర రెట్లు ఎక్కువని తేలింది. 2020లో 11 ఏళ్ల లోపు పిల్లలకు శిక్షణలో హెడింగ్ నేర్పొద్దని ఇంగ్లండ్, స్కాట్లాండ్, ఉత్తర ఐర్లాండ్ చెప్పాయి. ఇంగ్లండ్‌లో 2024 నుంచి ఆ వయసు పిల్లల మ్యాచ్‌ల్లో కూడా దశలవారీగా ఆపేస్తున్నారు. వేలాడే బంతిని తలతో కొట్టించిన ఉస్తాద్ పాఠం ఇప్పుడు చిన్నపిల్లల మైదానంలో నిషేధం.

పిల్లలను కాపాడటం మంచిదే. ముసలివాళ్ల సంగతి? 2023లో ఆటగాళ్ల సంఘం, ప్రీమియర్ లీగ్ కలిసి జబ్బుపడ్డ మాజీ ఆటగాళ్ల కోసం నిధి పెట్టాయి. మొదటి విడత 10 లక్షల పౌండ్లు. అదే వేసవిలో ప్రీమియర్ లీగ్ క్లబ్బులు ఆటగాళ్లను కొనడానికి పెట్టిన ఖర్చు 200 కోట్ల పౌండ్ల పైమాటే. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూస్తే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు.

2018లో హారిసన్‌కు ఎంబీఈ బిరుదు ఇచ్చారు. ఆయన పోయినప్పుడు శిష్యులు మనసారా కన్నీళ్లు పెట్టుకున్నారు. వాళ్ల ప్రేమను శంకించాల్సిన పని లేదు. అయితే శిష్యుల ప్రేమ వేరు, ఆట యాజమాన్యాల బాధ్యత వేరు. పిల్లాణ్ని తయారుచేసిన చిన్న క్లబ్బుకు న్యాయమైన ధర, ఆడి అలిసిపోయిన మాజీ ఆటగాడికి చివరిదాకా వైద్యం. అడగాల్సింది ఈ రెండే. అవి దానం కాదు, బాకీ. రేపు ఇంకో హారిసన్ కావాలంటే ఆ బాకీ ఈ రోజే తీర్చాలి.